మూడు షిఫ్టుల అప్‌గ్రేడు

మీ చేతిలో ఫోను ఉంటుంది. అప్పుడప్పుడు అది "కొత్త వెర్షన్ వచ్చింది, ఎక్కించమంటారా?" అని అడుగుతుంది. మీరు సీరియల్ చూస్తూ సరే అని నొక్కుతారు, అది తన పని తాను చేసుకుంటుంది. ఆ ఒక్క నొక్కుడు వెనక ఎంత గొడవ ఉంటుందో తెలియాలంటే, నా సర్వీసు ఆఖరి ఏడాదిలో మీరు గోదావరిఖని ఏరియా ఆఫీసులో, మా కంప్యూటర్ సెక్షన్‌లో నా పక్కన కూర్చుని ఉండాల్సింది. కూర్చోవడానికి కుర్చీ లేదు కాబట్టి నిలబడి ఉండేవారు.

నేను బొగ్గు గనుల కంపెనీలో చేరింది గని మీద క్యాప్ ల్యాంపు రూములో. డ్యూటీ ఎక్కేవాళ్లకు దీపం ఇవ్వడం, దిగేవాళ్ల దగ్గర తీసుకోవడం నా పని. టైపు నేర్చుకున్నానని తెలిసి ఆఫీసుకు పంపారు. టైపు మిషను పోయి కంప్యూటర్ వచ్చిన రోజు ఆ టేబుల్ ముందు కూర్చుని ఉన్నది నేనే కాబట్టి, నేను కంప్యూటర్ మనిషినయ్యాను. అంతకు మించి అర్హత అడిగినవాళ్లు లేరు, నేనూ చెప్పుకోలేదు.

మా సెక్షన్‌లో ఒక టూలు ఉండేది. ఏ గనిలో ఎవరెవరు డ్యూటీ ఎక్కారు, ఎంత బొగ్గు పోయింది అనే లెక్కలన్నిటికీ రోజూ నకలు తీసి, ఎక్కడో దూరాన అద్దెకు తీసుకున్న కంప్యూటర్లలో దాచిపెట్టడం దాని పని. ఆ దూరపు కంప్యూటర్లనే క్లౌడ్ అంటారు. ఇక టూలేమో ఓపెన్ సోర్స్. అంటే దాని లోపలి రాతంతా బహిరంగం. ఎవరైనా చదవొచ్చు, వాడుకోవచ్చు, దిద్దొచ్చు, పైసా కట్టక్కర్లేదు. ఆ చివరి మాట మా పర్చేజ్ సెక్షన్‌కు కొరుకుడు పడలేదు. "పైసల్ తీస్కోకుండ ఎవడిస్తడయ్యా? టెండర్ ఏది? అమ్మినోని అడ్రస్ ఏది?" అని ఫైలు తిప్పి తిప్పి పంపారు. చివరికి అడ్రసు గడిలో 'ప్రపంచం' అని రాసి పంపిస్తే పాసయింది.

ఏ టూలూ తనంతట తాను నడవదు. తేదీ చదవడానికి ఒక ముక్క, ఫైళ్లను కుదించి మూట కట్టడానికి ఒక ముక్క, ఆ మూటకు తాళం వేయడానికి ఇంకో ముక్క, ఇలా ఎవరెవరో రాసిపెట్టిన ముక్కల మీద ఆధారపడి నడుస్తుంది. వాటిని డిపెండెన్సీలు అంటారు. మా టూలుకు అలాంటివి నలభై చిల్లర ఉండేవి. అన్నీ పాతబడ్డాయి. పాత ముక్కల్లోంచి దొంగలు దూరే వీలుందట. నెలాఖరులోగా అన్నిటినీ కొత్త వెర్షన్లకు మార్చాలనీ, మార్చకపోతే పనిని పట్నంలోని ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించి మా సెక్షన్ మూసేస్తామనీ హెడ్డాఫీసు నుంచి ఆర్డరు వచ్చింది.

సెక్షన్ అంటే ముగ్గురం. నేను రిటైర్మెంటు గుమ్మంలో ఉన్నవాణ్ని, మూసినా తెరిచినా నాకు ఒకటే. రెండోవాడు భాయ్. వాళ్ల నాన్న బస్టాండు దగ్గర లారీ మెకానిక్. ఇంట్లో దక్నీ ఉర్దూ, ఆఫీసులో తెలుగు, కంప్యూటర్‌తో మాత్రం ఏ భాషా లేకుండా చేతి నేర్పే. సెక్షన్ మూస్తే ఆయన తన పాత చోటైన స్టోర్సుకు వెళ్లిపోతాడు. ఆయన డ్యూటీకి ఒక్క నిమిషం ఆలస్యంగా రావడం ఆ ఆఫీసులో ఎవరూ చూడలేదు.

మూడో మనిషి ఒక అమ్మాయి. బీటెక్ చదివింది. వాళ్ల నాన్న మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం ఆమెకు వచ్చింది. అలా వచ్చినవాళ్లు ఏం చదివినా కాగితం మీద జనరల్ మజ్దూర్లే, అంటే మామూలు కూలీలే. ఆమె అసలు పోస్టింగు కమాన్‌పూర్ దిక్కున ఓపెన్‌కాస్టు గని యార్డులో. డెప్యుటేషన్ మీద మా దగ్గర ఉంది. నస్పూర్ కాలనీ నుంచి స్కూటీ మీద గోదావరి బ్రిడ్జి దాటి వచ్చేది. పని వచ్చు, నోరు అంతకంటే బాగా వచ్చు. తన తప్పు తాను ఒప్పుకోవడం మాత్రం రాదు. ఆమె డెప్యుటేషన్ కూడా ఆ నెలాఖరుకే అయిపోతోంది. ఆమె పేరు మీద పూర్తయిన పని ఒక్కటైనా చూపిస్తేనే పొడిగింపు, లేకపోతే యార్డుకు వాపసు.

"యార్డుల చీపురు పట్టుడు నాకేం నామోషి గాదు కాకా. మా అమ్మ పట్టలేదా?" అంది ఒకరోజు నాతో. "నేర్సుకున్నదంత మర్చిపోత. గదే నాకు భయం." అది విన్నాక నాకు ఆ ఆర్డరు నిద్ర లేకుండా చేసింది.

మా జీఎం సారు గనుల్లోంచి ఎదిగిన మనిషి. ఆర్డరు చదివి, ముగ్గురినీ పిలిచి, "నలబై ముక్కలా? గదేం పెద్ద పని. మూడు షిఫ్టులు నడిపిద్దాం" అన్నాడు. బొగ్గు అలాగే తవ్వుతారు కదా మరి. పొద్దున ఏడు నుంచి ఆ అమ్మాయి, మధ్యాహ్నం మూడు నుంచి భాయ్, రాత్రంతా నేను. రాత్రి డ్యూటీ నేనే అడిగి తీసుకున్నాను, ఆ సమయంలో అధికారులెవరూ రారని. గోడకు ఒక నల్లబోర్డు వేలాడదీయించాడు. దాని మీద షిఫ్టువారీగా ఉత్పత్తి రాయాలి. షిఫ్టు దిగుతుండగానే ఫోను వచ్చేది. "ఎన్ని లేపిండ్రు?"

ఇంకో షరతు కూడా పెట్టాడు. గనిలో డ్యూటీ దిగేవాడు తన పనిచోటును భద్రంగా, నడిచే స్థితిలో వచ్చేవాడికి అప్పజెప్పాలి. ఊగుతున్న కప్పు కింద ఇంకొకణ్ని నిలబెట్టి ఇంటికి పోకూడదు. అది ప్రాణాల మీద నేర్చుకున్న పద్ధతి. మా సారు దాన్నే మాకూ పెట్టాడు. "ఎవరు దిగినా టూలు చాలూ కండిషన్‌ల ఉండాలె. ఇరిగిందాన్ని అప్పజెప్తే చార్జిషీటు."

పని మొదలైంది. నాకు తెలిసిన కమాండు ఒకటే, అన్నిటినీ ఒకేసారి పైకి లేపేది. డ్యూటీ ఎక్కగానే అది కొట్టేవాణ్ని. ఓ పద్దెనిమిది, ఇరవై ముక్కలు లేచినట్టు తెర మీద కనిపించేది. ఆ అంకె బోర్డు మీద రాసేవాణ్ని. ఆ తర్వాత టూలును నడిపితే అది కదిలేది కాదు. ఎర్ర అక్షరాలు తప్ప ఇంకేమీ వచ్చేవి కావు. ఏడు గంటలకు చాలూ కండిషన్‌లో అప్పజెప్పాలి కాబట్టి, పాత నకలు తీసి అన్నిటినీ మళ్లీ ఎక్కడివక్కడ పెట్టేసేవాణ్ని. బోర్డు మీద అంకె మాత్రం చెరపలేదు. లేపిన మాట వాస్తవం కదా. ఎలాగూ తక్కిన ఇద్దరూ చేస్తున్నారు, నాదొక్కటీ నిలవకపోతే ఏమైందిలే అని సర్దిచెప్పుకునేవాణ్ని.

బోర్డు కళకళలాడింది. రోజురోజుకూ అంకెలు పెరిగాయి. సారు వాటిని హెడ్డాఫీసుకు పంపాడు. పక్క ఏరియాల వాళ్లు ఫోన్లు చేసి ఎలా చేస్తున్నారని అడిగారు. నేను గొంతు సవరించుకుని సలహాలు కూడా ఇచ్చాను.

ఒక పొద్దున ఆ అమ్మాయి డ్యూటీకి వచ్చి బోర్డు ముందు నిలబడింది.

"కాకా, రాత్రి నువ్వు ఇరవై లేపినవా?"

"లేపిన."

"మరేవి? లోపల అన్ని పాతయే ఉన్నయి."

"లేపిన తర్వాత ఇరిగింది. మళ్ల కింద పెట్టిన. చాలూ కండిషన్‌ల ఇయ్యాలె గద!" అని, ఎదురుదాడికి దిగాను. "నీ పేరు మీద నిన్న తొమ్మిది ఉన్నయి. అవేడ వోయినయి?"

ఆమె బోర్డు వైపు చూసింది, నా వైపు చూసింది. "నేను గూడ గంతే కాకా" అంది చిన్నగా. తర్వాత గొంతు పెంచి, "మీరిద్దరు చేస్తున్నరు గదా అని ఊకున్న" అని నన్నే గదమాయించింది.

ఇద్దరికీ ఒకేసారి ఒకే ఆలోచన వచ్చింది. అయితే పని చేస్తున్నది భాయ్. ప్రాణం లేచొచ్చింది. మూడు గంటలదాకా నేను ఇంటికి పోకుండా ఆఫీసులోనే కునుకు తీశాను. భాయ్ ఠంచనుగా వచ్చాడు. ఇద్దరం ఆయన మీద పడి అడిగాం. ఆయన టిఫిన్ డబ్బా టేబుల్ మీద పెట్టి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"అరె భాయ్! నేను మీ ఇద్దరి మీద భరోస పెట్టుకోని ఉన్న గద!"

బోర్డు మీద మొత్తం రెండు వందలు దాటింది. ఉన్నవేమో నలభై చిల్లర. కొత్తదైంది ఒక్కటీ లేదు. కంపెనీలో ఇంత ఉత్పత్తి ఇంతకుముందు జరిగి ఉండదు. నాకు నవ్వాగలేదు. ఆ అమ్మాయి ముఖం చూశాక ఆగింది. నెలాఖరు ఇంకా కొద్ది రోజుల్లో ఉంది.

ఆ రోజే ముగ్గురం కూర్చుని మొదటిసారి లోపల ఏముందో చూశాం. చూసింది ఆమె, మేం తొంగిచూశాం. చిక్కంతా మూట కట్టే ముక్క దగ్గర ఉంది. దాన్ని రాసినాయన ఎప్పుడో వదిలేశాడు. దానికి కొత్త వెర్షనే లేదు. తక్కిన ముక్కలు కొత్తవైతే ఈ పాతదానితో పొసగవు. దాన్ని తీసి ఇంకొకటి పెట్టాలంటే టూలు లోపలి రాతను చాలాచోట్ల దిద్దాలి. అది ఎనిమిది గంటల్లో అయ్యేది కాదు. అందులోనూ చివరి రెండు గంటలు మళ్లీ పాత స్థితికి తేవడానికే పోతున్నాయి. పక్కన పెట్టుకుని దిద్దుకోవడానికి రెండో కంప్యూటర్ అడిగి ఉన్నాం. అది వచ్చింది, నేను రిటైరయ్యాక.

జీఎం సారు దగ్గరకు పోయాం. ఆమే చెప్పింది. "ఇరిగింది ఇరిగినట్టే ఒకరికొకరం అప్పజెప్పుకోవాలె సార్. ఎంతవరకు అయిందో నోటితోని చెప్పుకుంట పోవాలె. గప్పుడే అయితది. గప్పటిదాక రోజువారి నకలు హార్డ్ డిస్కుల వేసి పెడ్తం."

సారు కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరకు పోయాడు. రెండు వందలు పైకి పంపిన మనిషి మరి. "ఇరిగింది అప్పజెప్పుడు నా సర్వీసుల నేను ఒప్పుకోలే" అన్నాడు. కిటికీలోంచి బయటికి చూసి, మళ్లీ అన్నాడు. "సరే, కానియ్యిండ్రి. కాని రేపట్నుంచి నేను లీవుల ఉన్న. నాకేం తెల్వది." లీవు కాగితం అప్పటికప్పుడే రాశాడు. అందులో కారణం కడుపునొప్పి. అది అబద్ధమని నేననుకోను.

తర్వాతి రోజుల సంగతి మీకు చెప్పినా నమ్మరు. ఎన్నో ఏళ్ల అలవాటు చేతుల్ని కట్టేస్తుంది. నా షిఫ్టు చివర టూలు ముక్కలు ముక్కలుగా పడి ఉంటే, దాన్ని అలాగే వదిలి లేవడానికి నా కాళ్లు రాలేదు. ఆమె వచ్చి భుజం మీద తట్టింది.

"ఇరిగిందా కాకా?"

"పూర్తిగ."

"మంచిగైంది. యాడిదాక చేసినవ్?"

చెప్పాను. అంతే, ఇంటికి పోయాను. మధ్యాహ్నం ఆమె భాయ్‌కి చెప్పేది, రాత్రి భాయ్ నాకు చెప్పేవాడు. కఠినమైన దిద్దుబాట్లు ఆమెవి. ఆమె చూపించినచోట మార్చుకుంటూ పోవడం మా పని. నేను ఒకచోట మార్చకూడనిది మార్చి సగం రోజు తినేశాను. ఆమె ఇంకోచోట తప్పు చేసి అది కూడా నేనే చేశానంది. బోర్డు మీద ఎవరం ఏమీ రాయలేదు. అప్పుడు మొదటిసారి పని కదిలింది.

గడువు రోజు రానే వచ్చింది. హెడ్డాఫీసు నుంచి ఒక ఆఫీసరు దిగాడు. సారుకు కడుపునొప్పి తగ్గి డ్యూటీకి వచ్చాడు. నేను రాత్రి డ్యూటీ దిగి కూడా ఇంటికి పోలేదు. ఆఫీసరు సన్నగా, మర్యాదగా ఉన్నాడు. అలాంటివాళ్లతోనే భయం.

"మొత్తం డిపెండెన్సీలు ఎన్నండీ?" అని అడిగాడు.

"నలభై చిల్లర సార్."

"మరి బోర్డు మీద రెండు వందల పైన ఉంది?"

జీఎం సారు ఏమాత్రం తొణకలేదు. "మావోళ్లు బాగ కష్టపడ్డరు సార్" అన్నాడు.

ఆఫీసరు బోర్డు వదిలి తెర వైపు తిరిగాడు. "కొత్త టూలు తీసిన మొదటి నకలు పూర్తిగా క్లౌడ్‌కు చేరడం నేను చూడాలి. అది చేరినప్పుడు డ్యూటీలో ఎవరుంటే వాళ్ల పేరు మీద పని పూర్తయినట్టు రాస్తాను" అన్నాడు. అందులో కొత్తేమీ లేదు. బొగ్గు ఎవరి షిఫ్టులో పైకి వస్తే అది వాళ్ల ఖాతాలో పడుతుంది. తవ్వింది ఎవరన్నది ఎవరూ అడగరు.

ఆమె పొద్దుటి నుంచి కుర్చీ దిగలేదు. డబ్బా విప్పలేదు. ఆఖరి తప్పు దొరికి, దిద్ది, నకలు మొదలుపెట్టేసరికి రెండు దాటింది. అన్ని గనుల లెక్కలూ పోవాలి. తెర మీద గీత నత్తలా జరుగుతోంది. సగం దాటిందో లేదో, బయట మూడు గంటల సైరన్ మోగింది.

ఆమె గీత వైపు చూసింది, గడియారం వైపు చూసింది. ఇంకో గంటలో ఆ నకలు చేరుతుంది, భాయ్ పేరు మీద. ఈమె స్కూటీ రేపు కమాన్‌పూర్ దారి పడుతుంది.

ఆఫీసరు పెన్ను తీశాడు. "షిఫ్టు మారింది కదా, తర్వాతి ఇన్‌చార్జి ఎవరు?"

"వచ్చెటోడు వచ్చి చార్జి తీసుకునేదాక షిఫ్టు మారినట్టు గాదు సార్. గని రూలు" అన్నాడు జీఎం సారు. ఆ తర్వాత తలుపు వైపు చూశాడు. భాయ్ లేడు. ఆలస్యమంటే తెలియని మనిషి ఆ రోజే రాలేదు. "పోయి చూసి రా" అని నన్ను పంపాడు.

మెట్లు దిగి గేటు దాటేసరికి ఎదురుగా చాయ్ బండి దగ్గర భాయ్ బెంచీ మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలో చాయ్ గ్లాసు, పక్కన టిఫిన్ డబ్బా.

"భాయ్! సైరన్ ఇనవడలేదా? పైన అందరు నీకోసమే చూస్తున్నరు. జల్ది రా!"

"ఇనవడ్డది." ఆయన చాయ్ ఊదుకున్నాడు. "నకలు అయిపోయిందా?"

"ఇంక కొంచెం ఉన్నది."

"ఇప్పుడు నేనొచ్చి సంతకం పెడితె అది ఎవరి ఖాతాల పడ్తది?"

"నీ ఖాతాలనే."

"నాకేం భాయ్? స్టోర్సుకు పొమ్మంటె పోత. బోల్టులు, నట్లు సదురుకుంట కూసుంట. ఆ పిల్ల పోయి యార్డుల కూసుంటె ఎట్ల? చేసిందంత గా పిల్లనే గద" అన్నాడు. బెంచీ మీద చోటిచ్చాడు. "నువ్వు గూడ కూసో. పైకి పోతె నేనీడ ఉన్ననని చెప్పాలె. నీకు అబద్ధం చెప్పరాదు, మొఖంల దొరుకుతవ్."

కూర్చున్నాను. ఇంకో చాయ్ వచ్చింది. మేమిద్దరం రాకపోయేసరికి అటెండరును పంపారు. ఆయన్ని కూడా కూర్చోబెట్టాం. భాయ్‌కి చక్కెర బీమారి ఉంది, ఇంట్లో చాయ్ బందు. ఆ రోజు ఎన్ని తాగాడో నేను లెక్కపెట్టలేదు. ఇంతలో ఆయన ఫోను మోగింది. జీఎం సారు.

"యాడున్నవయ్యా?"

"దారిల ఉన్న సార్. బండి పంచరైంది."

నేను తలెత్తి చూశాను. మొదటి అంతస్తు కిటికీలో జీఎం సారు ఫోను చెవికి పెట్టుకుని నిలబడి, సూటిగా మా ముగ్గురి వైపే చూస్తున్నాడు. నేను చాయ్ గ్లాసు వీపు వెనక దాచాను. సారు ఒక చేత్తో కిటికీ తలుపు మెల్లగా మూశాడు.

"మంచిగ ఏపిచ్చుకోని రా. జల్ది ఏం లేదు" అని ఫోన్లో వినిపించింది.

మళ్లీ ఫోను మోగేసరికి ఇంకో చాయ్ అయిపోయింది. "పంచరేసుడు అయిపోయింది, ఇగ రా" అన్నాడు సారు. ముగ్గురం పరుగెత్తాం. ఆఫీసరు అప్పటికే ఆమె పేరు రాసి, సంతకం పెట్టి, కాగితం మడుస్తున్నాడు. తెర మీద గీత చివరిదాకా వెళ్లి ఆగి ఉంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. మమ్మల్ని చూడగానే లేచి భాయ్ మీద విరుచుకుపడింది.

"ఇదేనా చాచా వచ్చే టైము? డ్యూటీ దిగాల్సినదాన్ని గంటసేపు ఈడ కూసోవెట్టినవ్! పొద్దటి నుంచి బువ్వ తినలేదు నేను. నీకేమన్న జిమ్మేదారి ఉన్నదా?"

ఆఫీసరు ముందు, అందరి ముందు. భాయ్ తల వంచుకుని నిలబడ్డాడు. "తప్పయింది బిడ్డా. రేపటి నుంచి టైముకు వస్త" అన్నాడు. జీఎం సారు గోడ వైపు తిరిగి బోర్డు చదువుతున్నట్టు నటించాడు.

సెక్షన్ నిలబడింది, ఆమెకు పొడిగింపు వచ్చింది. తర్వాతి నెల హెడ్డాఫీసు ఇంకో ఉత్తరం రాసింది. ముందు నెలలో అంత ఉత్పత్తి ఉండి ఈ నెల సున్నాకు ఎందుకు పడిపోయిందో సంజాయిషీ ఇవ్వమని. బొగ్గు అడుగంటిన గనికి రాసినట్టే, 'నిక్షేపం అయిపోయినది' అని సారు జవాబు రాయించాడు. మళ్లీ ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆ సెక్షన్‌కు ఆమే ఇన్‌చార్జి. పెన్షన్ కాగితాల పని మీద మొన్నొకసారి వెళ్లాను. కొత్తగా చేరిన పిల్లలను నిలబెట్టి పాఠం చెబుతోంది. విరిగిందాన్ని విరిగిందని చెప్పి అప్పజెప్పండి, దాయకండి, అని. బాగానే ఉంది. తర్వాత రెండోది మొదలుపెట్టింది. "ఇంకోటి, డ్యూటీకి టైముకు రావాలె. మునుపు మాతోని ఒక చాచా చేసేటోడు. మంచి మనిషే, కాని అసలైన రోజే గంట లేటొచ్చిండు. గట్ల ఉండకుండ్రి!" నేను నోటిదాకా వచ్చినదాన్ని మింగుకున్నాను. ఆమెకు చెప్పనని భాయ్‌కి మాట ఇచ్చి ఉన్నాను మరి. భాయ్ కూడా రిటైరై నాలుగేళ్లయింది. సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, నీ పేరు అక్కడ ఎలా పాడవుతోందో చూడు, ఇప్పటికైనా నిజం చెప్పేస్తానన్నాను.

"చెప్పకు భాయ్" అన్నాడు. "చెప్పుకోనియ్యి. పిల్లలు టైముకు వస్తరు."